వాగొడ్డువారు

"వెర్బెక్ కాదమ్మా, వెర్బేక. చివరి 'క' మింగెయ్యకూడదు," అంది ఛాయాదేవి, బయటి నుంచి వినిపించిన 'మిసెస్ వెర్బెక్' పిలుపుకి తలుపు తీస్తూనే.

గుమ్మంలోని అమ్మాయి బిత్తరపోయింది. ముందే తలుపు అద్దంలోంచి ఆమె మెళ్ళోని యూనివర్సిటీ కార్డు మీద 'ఇషిత పోలవరపు' అని చూసి ఛాయాదేవి తెలుగులోనే పలకరించింది.

"మిసెస్ వెర్బేక అంటే... మీరేనా? ఎవరో తెల్ల గ్రాండ్‌మా ఉంటారనుకున్నా!"

"నేనే. మాది రేపల్లె. లోపలికి రా, గాలి కోసేస్తోంది."

ఇషిత జాగ్రఫీలో పీహెచ్‌డీ చేస్తోంది. బెల్జియం ఉత్తరాన ఉన్న ఫ్లాండర్స్ నుంచి అమెరికాకు వచ్చిన ఇంటిపేర్లు ఇవాళ ఏ ఊళ్ళో ఎన్ని మిగిలాయో మ్యాపులో గుర్తించడం ఆమె పని. ఇలినాయ్‌లో, మిసిసిపీ ఒడ్డునున్న ఈ చిన్న ఊళ్ళో ఆమె జాబితాలో ఒకే ఒక్క చిరునామా ఉంది.

ఛాయాదేవి రెండో కుర్చీ మీది పేపర్ల దొంతర తీసి కింద పెట్టింది. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. వస్తానని ఇషిత ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఈ శనివారం కోసమే చూస్తోంది. పొద్దున్నే లేచి పులిహోర కలిపింది.

"ముందు ఒక మాట," అంది ప్లేటు అందిస్తూ. "ఆ పేరున్న వాళ్ళందరినీ లెక్కేస్తారా? రక్తసంబంధం లేకపోయినా?"

"పేరు లీగల్‌గా మీదైతే చాలు, ఆంటీ."

ఛాయాదేవి కుదుటపడి కూర్చుంది.

"రికార్డ్ చేస్తే ఓకేనా? వెర్బేక అంటే మీనింగ్ తెలుసా మీకు?"

"వాన్ డెర్ బేకె. వాగు దగ్గరివాళ్ళని. వెస్ట్ ఫ్లాండర్స్‌లో ఎక్కువ. ఆంట్వెర్ప్ వైపు వెర్బేక్ అంటారు. మనకి ఊళ్ళ పేర్లే ఇంటిపేర్లయినట్టు, వాళ్ళకి వాగులూ, పొలాలూ, పిండిమరలూ. మా పుట్టింటివాళ్ళు కాలువవారు. వీళ్ళు వాగొడ్డువారు. నీళ్ళూ నీళ్ళూ కలిశాయని కమీల్ ఒకటే నవ్వేవాడు."

"కమీల్ అంకుల్‌ని ఎలా మీట్ అయ్యారు?"

"మా హాస్పిటల్ ల్యాబులో మైక్రోస్కోపులు రిపేర్ చేయడానికి వచ్చేవాడు. నావి ఊరికే పాడయ్యేవి." ఛాయాదేవి నవ్వింది. "వాళ్ళ తాత పద్దెనిమిదేళ్ళకి వచ్చాడు, నాగళ్ళు చేసే ఫ్యాక్టరీలో పనికి. వెనకాల తమ్ముళ్ళు. ఒకప్పుడు ఇక్కడి ఫోన్ బుక్కులో వెర్బేకలు అరపేజీ ఉండేవాళ్ళట. ఆదివారం చర్చి అయ్యాక పావురాల పందేలు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఒకళ్ళు ఆరిజోనా, ఒకళ్ళు ఫ్లోరిడా. ఆడపిల్లలకి పేర్లు మారిపోయాయి. ఇప్పుడు శ్మశానంలో ముప్పై ఒక్క రాళ్ళ మీద ఆ పేరుంది. బయట నా పోస్టు డబ్బా మీద ఉంది."

"వావ్. ఇదంతా అంకుల్ చెప్పారా?"

"కొంత అతను చెప్పాడు. మిగతాది లైబ్రరీలో చదువుకున్నాను. నాకు ఖాళీ ఎక్కువ కదమ్మా."

ఇషిత చెంచా పక్కన పెట్టింది. "అంకుల్ ఎప్పుడు..."

"చాలా ఏళ్ళయింది."

"సారీ, ఆంటీ. పిల్లలు?"

"లేరు."

బయట ఎవరిదో మంచు తోసే యంత్రం రొద పెడుతూ వెళ్ళింది. ఛాయాదేవి ఇషిత ప్లేటులో మరికాస్త పులిహోర వడ్డించింది.

"అంకుల్ ఫ్యామిలీ మీతో బాగుండేవాళ్ళా?"

"వాళ్ళమ్మ మంచిదే. కానీ ఆవిడ నన్నెప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. చివరిదాకా నన్ను మిస్ కాలువ అనే పిలిచింది. క్రిస్మస్‌కి కార్డు పంపితే, ఆ పాత పేరుతోనే జవాబు రాసేది. మా నాన్నగారైతే అసలు రాయడమే మానేశారు."

"దట్ మస్ట్ హావ్ బీన్ సో హార్డ్. అయినా మీరు పేరు మార్చుకున్నారు!"

"మార్చుకున్నాను. మార్చి పన్నెండు, ఎనభై నాలుగు. సోమవారం. ల్యాబులో సగం రోజు సెలవు పెట్టి, కోర్టుకి వెళ్ళాను. పసుపుపచ్చ చీర, పైన ఇంత లావు కోటు. జడ్జి గదిలో నేనూ, ఆయనా, టైపు కొట్టే ఆవిడా, అంతే. 'ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపడే తీసుకుంటున్నావా?' అని అడిగారు. అవునన్నాను. గొంతు వణికితే మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను."

"మీ సైడ్ ఎవరూ రాలేదా?"

"ఇటూ రాలేదు, అటూ రాలేదు."

"ఫోటో ఉందా, ఆంటీ?"

"తీసేవాళ్ళెవరమ్మా? బయటికొచ్చి, పక్క హోటల్లో ఒక వాఫిల్ తిని, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి ల్యాబు కోటు మీద కొత్త పేరు కుట్టించుకున్నాను. ఆ రాత్రి ఆ కోటుతోనే పడుకున్నాను."

ఇషిత కళ్ళు తడిశాయి. "సో రొమాంటిక్, ఆంటీ. నిజంగా."

ఛాయాదేవి కాఫీ కప్పు అంచు వేలితో తుడిచింది.

"లాస్ట్ ఎంట్రీ ఒక్కటి చెక్ చేస్తాను," అని ఇషిత టాబ్లెట్ చూసి చదివింది. "నేమ్ వచ్చిన విధం: మ్యారేజ్. డేట్: మార్చి పన్నెండు, నైన్టీన్ ఎయిటీ ఫోర్. కరెక్టేనా?"

ఛాయాదేవి పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి, తెర మీది మ్యాపు వంక చూసింది. ఆ పొడుగాటి నది పక్కన ఇంకా ఏ చుక్కా లేదు.

"తేదీ కరెక్టే," అంది మెల్లగా.

ఇషిత వేలు ఆనించింది. ఊరి పేరు మీద నీలం చుక్క ఒకటి వెలిగింది. ఛాయాదేవి కళ్ళజోడు సవరించుకుని దాన్ని తనివితీరా చూసుకుంది.

మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చి, కారు మలుపు తిరిగేదాకా మెట్ల మీదే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

జడ్జి ముందు ఆ పేరు అడిగి తీసుకున్న రోజుకి, పెళ్ళి కాకుండానే కమీల్ చనిపోయి పద్నాలుగు నెలలు.