సత్సుమాకు దుప్పటి

మధ్యాహ్నం భోజనం మధ్యలోనే లేచి, క్లోవిస్ పక్కింటి వెనక దొడ్లోకి వెళ్లి చెట్టుకు దుప్పట్లు కప్పడం మొదలుపెట్టాడు.

అది మిస్ ఒడీల్ గారి సత్సుమా కమలా చెట్టు. లూసియానా దక్షిణాన, నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉన్న ఆ వీధిలో దాని సంగతి ఎరగనివాళ్లు లేరు. పెద్ద తుఫానులో ఆమె ఇల్లు పునాదులతో సహా కొట్టుకుపోయింది. ఉప్పునీళ్లు దిగాక మిగిలింది ఆ చెట్టొక్కటే. దాని పక్కనే మళ్లీ ఇల్లు కట్టుకుంది. ఏటా పళ్లు కోయగానే వీధిలో ప్రతి ఇంటికీ ఒక బుట్ట పంపేది.

మోకాలి ఆపరేషన్ కోసం ఆమె లాఫయెట్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లి నెల కావస్తోంది. వెళ్తూ దొడ్డి తాళంచెవి క్లోవిస్ చేతిలో పెట్టింది.

"నా చెట్టు జాగ్రత్త, నాయనా" అంది. ఇంటి మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి పడుతుందని రేడియో పొద్దున్నుంచీ చెబుతోంది. ఆ ఊరికి అలాంటి చలి ఏ కొన్నేళ్లకో ఒకసారి. జనం పూలకుండీలు ఇళ్లలోకి మోస్తున్నారు. కుళాయిలకు గుడ్డలు చుడుతున్నారు.

ఎదురింటి రెమీ కంచె దగ్గరికి వచ్చేసరికి చెట్టు పూర్తిగా ముసుగులో ఉంది.

"ఇంకా ఎండైనా పోలేదు, అప్పుడే కప్పేశావేంటి? సాయంత్రం కప్పితే సరిపోయేది."

"సాయంత్రం గాలి లేస్తుందేమోనని."

"సత్సుమా మొండిది, తట్టుకుంటుంది. ముందు నీ నిమ్మచెట్టు చూసుకో. పోతే అదే పోతుంది."

"నాది పోతే పోనీలే."

రెమీ నవ్వాడు. "ఈ శ్రద్ధలో సగం మీ ఆవిడ మీద పెట్టుంటే ఈపాటికి నీకు గుడి కట్టేది."

క్లోవిస్ నవ్వలేదు. దుప్పట్ల అంచులు నేలదాకా లాగి ఇటుకలు పెట్టాడు. తరవాత చెట్టు మొదట్లో నీళ్ల పైపు వదిలాడు. తడి నేల వేడిని పట్టి ఉంచుతుందని అక్కడ అందరికీ తెలుసు. కానీ పాదు చెరువైనా అతను పైపు ఆపలేదు.

"రెండు వారాలుగా ఈ పైపు చప్పుడు వింటూనే ఉన్నా. దానికి ఈత నేర్పుతున్నావా ఏంటి?" అన్నాడు రెమీ. జేబులోంచి ఒక బల్బు తీశాడు. "మా నిమ్మ కింద ఒకటి పెట్టాను. వెచ్చగా ఉంటుంది. ఆ దుప్పటి కాస్త ఎత్తు, లోపల వేలాడదీస్తా."

"వద్దు." క్లోవిస్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "గుడ్డ అంటుకుంటే అసలుకే మోసం. నేను చూసుకుంటాను, నువ్వెళ్లు."

మాట కాస్త కటువుగానే వచ్చింది. రెమీ బల్బు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

చీకటి పడుతుండగా రేడియోలో మాట మారింది. సముద్రం మీంచి మేఘాలు రావచ్చని, అనుకున్నంత చలి ఉండకపోవచ్చని అన్నారు. వీధి ఊపిరి పీల్చుకుంది. క్లోవిస్‌కు మాత్రం కాలు నిలవలేదు. వరండాలోకి వచ్చి ఆకాశం చూశాడు. లోపలికి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

భార్య వెర్నా రొయ్యల పులుసు వేడిగా తెచ్చి బల్ల మీద పెట్టింది. "తిను. నువ్వు కాపలా కాస్తే చలి భయపడుతుందా?"

"మబ్బులు పట్టాయేమో చూడు."

ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. "ఎక్కడి మబ్బులు? అన్నీ చుక్కలే."

అప్పుడు అతను స్పూను అందుకున్నాడు.

తెల్లారేసరికి పైకప్పులు మంచుతో తెల్లబడ్డాయి. క్లోవిస్ నిమ్మచెట్టు ఆకులు నల్లబడి వేలాడాయి. ఎండ ఎక్కాక అందరూ ముసుగులు తీశారు. రెమీ నిమ్మ నవనవలాడుతోంది.

"ఇంకా తియ్యలేదేం? లోపల ఉడికిపోతుంది" అని కేకేశాడు రెమీ.

"ఇవాళ కూడా చలంటున్నారు" అన్నాడు క్లోవిస్.

మర్నాడు మిస్ ఒడీల్ చేతికర్రతో కారు దిగింది. ఇంటి వైపు చూడకుండా దొడ్లోకి నడిచింది. తనే దుప్పటి లాగింది.

గోధుమరంగు ఆకులు గలగలా రాలిపడ్డాయి. కొమ్మలు బోసిగా మిగిలాయి.

కంచె చుట్టూ వీధివాళ్లు మూగారు. ఆమె ఒక కొమ్మను గోటితో గీరింది. లోపల పచ్చదనం లేదు. ఇంకో కొమ్మ గీరింది. అదీ అంతే. మాను మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

తల తిప్పేసరికి క్లోవిస్ కళ్లు ధారగా కారుతున్నాయి.

"ఊరుకో నాయనా" అందామె. "నీ చెట్టును చలికి వదిలేసి నా చెట్టుకు కప్పావట. సొంత తమ్ముడైనా అంత చెయ్యడు."

"నిజం, మిస్ ఒడీల్" అన్నాడు రెమీ టోపీ తీసి. "లైటు పెడతానన్నా, ఎక్కడ అంటుకుంటుందోనని నన్ను దగ్గరికే రానివ్వలేదు."

ఆమె క్లోవిస్ రెండు చేతులూ దగ్గరికి తీసుకుని, ఒకదాని తరవాత ఒకటి ముద్దు పెట్టుకుంది.

చలి మాట ఎవరూ అనుకోకముందే, పురుగు పట్టిన ఆకులకు సబ్బునీళ్లనుకుని కలుపు మందు కొట్టి ఆ చెట్టును చంపింది ఆ చేతులే.