తీగల అక్షరాలు

"ఇవి అక్షరాలా వదినా, జెర్రులా?"

పాయసం తోడుతున్న సుబ్బలక్ష్మి గరిటె గంగాళం అంచున ఆగిపోయింది.

ఎమ్మిగనూరులో ఆడబిడ్డ మనవడి నామకరణమని విశాలాక్షి పొద్దున్నే ఆదోని బస్సెక్కి వచ్చింది. తీరా పంక్తిలో కూర్చున్నాక ఇత్తడి గంగాళం మీద ఆడబిడ్డ పేరు కంటబడింది. 'సు' తోక సాగి సాగి చిలకై వాలింది. 'బ్బ' నుంచి తీగ మొలిచింది. 'లక్ష్మి' ఆకుల్లో ఎక్కడో ఇరుక్కుపోయింది. విస్తరిలో పాయసం, అందులో ద్రాక్షలు కూడా పాకుతున్నట్టే ఉన్నాయి.

"కర్నూలు రాజధాని అయినాక ఇదే కొత్త మోస్తరు. మీ ఆదోని శేషప్పే కొట్టినాడు. బాగలేదా?" అంది సుబ్బలక్ష్మి.

"నాటకం బోర్డు మీద బాగుంటాది. సోడా బండి మీద బాగుంటాది. తినే గిన్నెల మీద ఎందుకు వదినా? పేరు కొట్టించేది గుర్తు పట్టేదానికి కదా!"

"గుర్తుంటే మాత్రం? నువ్వు కోడుమూరు పెండ్లికి వాడుకోమని ఎరువిచ్చిన గంగాళం దొరికిందా?"

"యాడ దొరుకుతాది! నా పేరు తిన్నగా, చక్కగా కొట్టించినా. ఎవరు మింగినారో ఏమో."

"జనం బుద్ధులు అట్లున్నాయి," అని నిట్టూర్చింది సుబ్బలక్ష్మి.

సాయంత్రం ఇత్తడి క్యారియర్ నిండా భక్ష్యాలు పెట్టిచ్చింది. "క్యారియర్ మాత్రం రేపే పంపు వదినా. తీసుకపోయినోళ్ళు ఎవరూ తిరిగి ఇయ్యడంలేదు." మూత మీద సుబ్బలక్ష్మి పేరు పాత పద్ధతిలో, మర్యాదగా ఉంది.

మరునాడు విశాలాక్షి క్యారియర్ తళతళలాడేటట్టు తోమి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుదామని బయలుదేరింది. దారిలో శేషప్ప అంగడి. నిన్నటి రోత ఇంకా తగ్గలేదు.

"నీ చేతికేం రోగమొచ్చింది శేషప్పా? మా వదిన గంగాళాన్ని అంత అసయ్యంగా చేసినావే!"

శేషప్ప సుత్తి పక్కన పెట్టాడు. "నాకు మాత్రం ఇష్టమా అమ్మా? కొత్త పాత్రయితే తిన్నగానే కొడతా. అడుగున వేరే పేరుంటే, అది కప్పేదానికే ఆ తీగలు, ఆ చిలకా. పాత పేరు సుక్కలన్నీ ఆకుల్లో కలిసిపోతాయి."

"వేరే పేరా? ఎవరిది?"

"భలే అడుగుతారే! మీదే గదమ్మా, నేనే కొట్టింటి. మా వదిన నాకే ఇచ్చేసిందని మీ ఆడబిడ్డ సెప్పినాది. ఇయ్యలేదా?"

వీధి చివర ఎమ్మిగనూరు బస్సు హారన్ కొడుతోంది. విశాలాక్షి అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, తీరిగ్గా బల్ల మీద కూర్చుని, క్యారియర్ శేషప్ప ముందుకు జరిపింది.

"దీని మీద నా పేరు కొట్టు. చిలకలు మాత్రం రెండుండాల."