పచ్చచుక్క

"మీ మనవడి పనే ఇది. బడినుంచి రానీండి, చెప్తాను." కోడలు ల్యాప్‌టాప్ ఆపేసి, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లను దాని మౌస్ బటన్ సందులోకి దూర్చింది. పొద్దుటినుంచీ ఆ బటన్ ఎంత నొక్కినా పలకడం లేదు.

"వాణ్ణేమీ అనకమ్మా," అంది అత్తగారు, చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ.

"మీరలా వెనకేసుకురాబట్టే వాడలా తయారయ్యాడు. ఆఫీసువాళ్ళా, నా ప్రాణాలు తోడేస్తున్నారు. కాసేపు దీన్ని ముట్టుకోకపోతే చాలు, నా పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోతుంది. వెంటనే ఫోన్ చేసి ఎక్కడికెళ్ళావంటారు."

"తెలుసులే."

పుల్ల చివర నల్లటి జిడ్డు అంటుకుని వచ్చింది. కోడలు వాసన చూసింది. కీళ్ళనొప్పుల మందు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒళ్ళు తెలియని అలసటతో మధ్యాహ్నాలు ఈ బల్లమీదే తల వాల్చి ఎన్నిసార్లు నిద్రపోయిందో. ఒక్కసారీ ఫోన్ రాలేదు. తన అదృష్టమనుకుంది.

"మీరా అత్తయ్యా?"

"చుక్క ఆరిపోయే వేళకి ఒక్క నొక్కు నొక్కేదాన్ని. ఇంకేమీ ముట్టుకోలేదు, ఒట్టు. పాడవుతుందనుకోలేదమ్మా."

"ఆ నొప్పి వేళ్ళతో నొక్కడమెందుకు? బటన్ పైనున్న ఈ పలకమీద ఊరికే అలా వేలు రాస్తే చాలుగా..." కోడలు తల వంచుకుని ల్యాప్‌టాప్ ఆన్ చేసి, బటన్ నొక్కి చూసింది. టిక్కుమంది.

"బాగైందా?" అత్తగారు తువ్వాలుకి వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని ల్యాప్‌టాప్‌ను తనవైపు లాక్కుంది. "అయితే కాసేపు నడుం వాల్చు."