పుట్టినరోజు జెండా

వృద్ధురాలు ఆగ్నెటె ముందున్న కేకు పక్కన, పుట్టినరోజులకి అక్కడి ఆనవాయితీగా చిన్న డెన్మార్క్ జెండా నిలబెట్టి, వృద్ధాశ్రమం మేనేజరు టోర్కిల్ చేతులు దులుపుకున్నాడు.

"ఇవాళ మా మామ్మగారి పుట్టినరోజు, మెరెటె గారూ. ఇక్కడ ఎవరి పుట్టినరోజూ మర్చిపోం."

తనిఖీకి వచ్చిన మెరెటె తన ఫారంలో 'ఆప్యాయత' అన్నచోట టిక్కు పెట్టింది.

"పెట్టు తల్లీ, పెట్టు. పోయినసారీ పెట్టావుగా," అంది ఆగ్నెటె.

"పోయినసారా?"

"నువ్వొచ్చినప్పుడల్లా నాకు పుట్టినరోజే. మార్చిలో ఒకటైంది, ఆగస్టులో ఇంకోటి. నేను పుట్టింది మాత్రం క్రిస్మస్ ముందు. అప్పుడు ఈ మహానుభావుడు సెలవులో ఉంటాడు."

టోర్కిల్ నవ్వేశాడు. "వయసు మీదపడింది కదండీ, ఏదో అంటుంది."

మెరెటె ఆగ్నెటె ఫైలు తెరిచింది. పుట్టిన తేదీ డిసెంబరు ఇరవై మూడు. ఆ వెనకే పాత తనిఖీ నివేదికలు రెండు. రెండింట్లోనూ ఒకటే వాక్యం: 'పుట్టినరోజులు శ్రద్ధగా జరుపుతున్నారు.' రెండింటి కిందా తన సంతకమే.

మెరెటె తలెత్తి టోర్కిల్ వైపు కోపంగా చూసింది.

"వాణ్ణెందుకు చూస్తావు?" అంది ఆగ్నెటె. "నువ్వు తినే మూడో కేకు ఇది. నీకెన్నేళ్ళే ముసలిదానా అని ఒక్కసారైనా అడిగావా?"

కేకు పక్కనున్న జెండా తీసి మెరెటె చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. పండగ నీదేగా."