మిక్సీ చప్పుడు

గోడకున్న పెట్టె ఏడాది పొడవునా ఇంట్లో మాటలు విని, ఢిల్లీ సర్కారు ఎన్నికల్లో మన ఓటు తనే వేస్తుంది. చేత్తో వేసుకుంటామంటే, మతి సరిగానే ఉందని పొరుగువారొకరు తమ పెట్టెకు చెప్పాలి. అందుకే వరహాలమ్మ మా ఇంటికి వచ్చింది. ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే.

“పెట్టే వేసేస్తే మనకి పని తప్పినట్టే కదే వరహాలూ?” అన్నాను.

“రేపు మన కూడూ అదే తినీసినా పని తప్పినట్టే వదినా. ఒక్క ముక్క సెప్పు, చాలు.”

“వరహాలమ్మకు మతి స్థిమితంగా ఉందా?” అని పెట్టె అడిగింది.

పెట్టె వినకూడని మాటకు ముందు మిక్సీ వేయడం మా వీధి ఆడవాళ్ళ అలవాటు. నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది. ఆ రొదలోనే “ఉంది” అన్నాను. పెట్టె తెర మీద మళ్ళీ అడిగింది. మిక్సీ ఆపాలని తెలుసు. ఆమెతో పాటు నన్నూ గుర్తుపెట్టుకుంటుందని భయమేసి ఆపలేదు.

“సాక్షి లేరు. వరహాలమ్మ తరఫున పెట్టె ఓటు నమోదైంది.” తెర మీది ఆ అక్షరాలు తడబడకుండా చదివాను.

వరహాలమ్మే మిక్సీ ఆపింది. “సెప్పేవు కదా వదినా, నీ పెదాలు సూసేను,” అంది.

ఆమె ముఖం చూడలేక, ఏమీ రుబ్బని జార్‌ను తీసి కడగడం మొదలుపెట్టాను.