పెదనాన్న అడిగిన స్టాండు

"ఇచ్చేశానంటావేంట్రా? అదేమన్నా నీ సొంత సొమ్మా?" సలనియేత చేతిలో స్పానరుతో అపెనిసా మీదికి వెళ్ళింది.

అపెనిసా రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్నేం చెయ్యమంటావ్? పెదనాన్న కెరెకెరె అన్నాడు."

ఫిజీలో ఆ మాట వచ్చాక వాదనలు ఉండవు. చుట్టం గుమ్మంలోకొచ్చి కెరెకెరె అని అడిగితే పడవైనా, పందైనా, ఒంటిమీది చొక్కా అయినా ఇచ్చెయ్యాల్సిందే. లేదన్నవాడు మర్నాటి నుంచి ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. ఆ ధైర్యం అపెనిసాకి ఏడు జన్మలెత్తినా రాదు.

పోయింది అలాంటిలాంటి వస్తువు కాదు. ముగ్గురూ కలిసి టర్మంతా కోసి, అతికించి, రంగు వేసిన సోలార్ ప్యానెళ్ళ స్టాండు. కాసేపట్లో పరీక్షకని విలికేసా సారు వచ్చి దాని మీద ఇసుక బస్తాలు పేరుస్తాడు, నాలుగు వైపులా తాళ్ళు కట్టి లాగిస్తాడు. తుఫానుకు నిలిచేలా ఉంటే డిప్లొమా. లేదంటే టర్మంతా మళ్ళీ మొదటికి.

వర్క్‌షాపు వెనకాల అపెనిసా పెదనాన్న మోసెసె నడుముకి చుట్టిన సులు ఎగ్గట్టి, స్టాండుని లారీ ఎక్కించే హడావిడిలో ఉన్నాడు.

"మీ ఇద్దరికీ నోరు లేవదు. నేను మాట్లాడతా చూడండి," అన్నాడు జట్టులో మూడోవాడు అష్నీల్. హిందూస్తానీ ఇంటి పిల్లాడు, వాళ్ళలో ఈ పద్ధతి లేదు. నేరుగా లారీ దగ్గరికి పోయాడు.

"పెద్దాయనా, ఇది కాలేజీది."

"కాలేజీ మాత్రం ఎవరిది బాబూ? మనదే కదా."

"అసలు ఇది నీకెందుకు?"

"యంగోనా వేర్లు ఆరబెట్టుకోడానికి. బాగా ఎండితేనేగా దంచి, నీళ్ళలో కలుపుకుని తాగేది. నేల మీద పరిస్తే పందులు తొక్కేస్తున్నాయి."

"సోలార్ స్టాండు మీద యంగోనాయా?"

"రెండూ ఎండలో ఉండేవే కదయ్యా! ఇదిగో, నిలబడి చూస్తావేం, ఆ కాలు కాస్త పట్టు."

నిలదీయడానికి పోయినవాడు కాలు పట్టి ఎక్కించి, చేతులు దులుపుకుంటూ తిరిగొచ్చాడు. సలనియేత వాణ్ణి కూడా కలిపి తిట్టింది. లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది.

విలికేసా సారు వచ్చేసరికి గడ్డిలో నాలుగు గుంటలు మాత్రం మిగిలాయి.

"స్టాండేదీ?"

"వీణ్ణడగండి సార్!" సలనియేత స్పానరుతో అపెనిసాని చూపించింది. "వీళ్ళ పెదనాన్న కెరెకెరె అన్నాడట, వీడు తలూపాడట! మా కష్టమంతా యంగోనా వేర్ల పాలైంది సార్!"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సొంత పెదనాన్నేనా?"

"మా నాన్నకి అన్న సార్," అన్నాడు అపెనిసా, నేల చూపులు చూస్తూ.

"ఇసా, ఎంత పనైంది!" సారు నిట్టూర్చాడు. "మొన్న క్రిస్మస్‌కి నా గడ్డి కోసే మిషను అలాగే పోయింది. పాపం, నువ్వు మాత్రం ఏం చేస్తావులే. వచ్చే సోమవారానికి వాయిదా వేస్తున్నా. ఏం తంటాలు పడతారో, ఆ రోజుకి స్టాండు ఇక్కడ ఉండాలి."

మగపిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు. సారు కారెక్కబోతూ ఆగాడు. "మోసెసె ఊరు నౌసోరి అవతలేగా? మా ఇంటి దారే. మీ పనితనం ఎలా ఉందో ఓసారి చూసి పోతాను."

కారు గేటు దాటింది. సలనియేత ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఒరే, అర్జెంటుగా మీ పెదనాన్నకి ఫోన్ చెయ్. దాన్ని గోనెపట్టాలతో కప్పెయ్యమను."

"ఎందుకే?"

"వెనక కాళ్ళు చుక్కలు చుక్కలుగా అతికించి, పూర్తి వెల్డింగ్ తర్వాత చేద్దామనుకున్నా. మర్చిపోయి రంగు వేసేశా. పొద్దున గుర్తొచ్చింది. మళ్ళీ చేసే టైము లేదు. అందుకే... ఆయన్ని వచ్చి కెరెకెరె అనమన్నది నేనే."

అపెనిసా నోరు తెరిచాడు. "మరి పొద్దుట్నుంచీ నన్ను కుక్కని తిట్టినట్టు తిట్టావు!"

"నేను నవ్వుతూ నిలబడితే సారు నమ్ముతాడా? ముందు ఫోన్ చెయ్యరా!"

ఫోను మోగుతూనే ఉంది, మోసెసె తియ్యడు. అష్నీల్ దేవుళ్ళందరికీ దండాలు పెట్టాడు. సలనియేత గోళ్ళు కొరికింది. పొద్దు వాలాక ఆయనే తిరిగి చేశాడు. సలనియేత ఫోను లాక్కుంది.

"పెదనాన్నా! మా సారొచ్చాడా?"

"వచ్చాడమ్మా, వెళ్ళాడు కూడా. ఎంత మంచి మనిషి! రెండు చిప్పల యంగోనా తాగించి పంపా."

"వెనక కాళ్ళు చూశాడా?"

"ఎక్కడ చూశాడు? రంగు చూసే మురిసిపోయాడు. స్టాండంటే ఇలా ఉండాలి అన్నాడు."

సలనియేత అమ్మయ్య అనుకుని మెట్ల మీద కూలబడింది. మిగతా ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు.

"బతికించావు పెదనాన్నా! రేపు పొద్దున్నే లారీలో తెచ్చెయ్. వెల్డింగ్ చేసేసుకుంటాం."



"తేవడానికి అదిక్కడ ఉంటేగా అమ్మాయ్! మాటల్లో తేలింది, మీ సారు వాళ్ళమ్మది మా ఊరేనట, నాకు తమ్ముడి వరస. కెరెకెరె అన్నాడు, కాదనలేకపోయాను. ఇందాకే ఫోన్ చేశాడు, ఇంటి మేడ మీద బిగించేశాడట, దాని మీద నీళ్ళ ట్యాంకు నిండుతోందట."