అత్తగారి ప్రాక్టికల్

గిరగిరా తిరుగుతున్న డ్రమ్ము ఆగింది. కోడలు మూత తీసి, లోపలి మాత్రలను తెల్లకాగితం మీద గుమ్మరించింది. సగానికి సగం పైపొర ఊడి, రెండేసి ముక్కలయ్యాయి.

"ఇవి మాత్రలా, పప్పుబద్దలా?" అంది.

ఎదురుగా తెల్లకోటు వేసుకుని నిలబడ్డ అత్తగారు ముఖం మాడ్చుకుంది.

ఇండస్ట్రియల్ ఫార్మసీ పీజీలో చివరి ప్రాక్టికల్ అది. మందుపొడి తడిపి, రవ్వలా చేసి, ఆరబెట్టి, మెషిన్‌లో మాత్రలు కొట్టాలి. ఆ మాత్రలు డ్రమ్ములో పడి దొర్లినా చెక్కుచెదరకూడదు. గడువు అయ్యేలోగా ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. ఆలోగా కుదరకపోతే మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదే. చేస్తున్నది మాత్రల ఫ్యాక్టరీలో జుట్టు నెరిసేదాకా పనిచేసి వచ్చిన అత్తగారు. చేయిస్తున్నది ఆ కాలేజీలోనే లెక్చరరుగా ఉన్న కోడలు.

"మా ఫ్యాక్టరీలో ఇలాగే చేసేవాళ్ళం అమ్మాయ్."

"ఇలా విరిగినవే అమ్మేవాళ్ళా?"

"అబ్బే! మెషిన్‌ని నాలుగు తిట్టి, మళ్ళీ కొట్టేవాళ్ళం."

"అయితే ఇక్కడా మళ్ళీ కొట్టండి. తిట్లు మాత్రం వద్దు."

"అత్త కొట్టింది అడుగోటి కుండ అన్నారు పెద్దలు. నీ దగ్గర అత్త కొట్టిందీ కొత్త కుండేనన్నమాట," అని గొణుక్కుంటూ అత్తగారు మళ్ళీ పొడి తూచడం మొదలెట్టింది.

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గొంతు తగ్గించి, "పెద్దావిడ. పోనిద్దురూ మేడమ్, పాస్ మార్కులు వేసేద్దాం," అన్నాడు.

"ఆవిడ మా అత్తగారండీ. వదిలేస్తే రేపు నలుగురూ నన్నే అంటారు."

"అత్తగారా!" ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎవరి మీద జాలిపడాలో తోచక, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నలుగురి సంగతి నిజమే. అయితే పొద్దున కోడలు చేసిన కూర రుచి చూసి, "ఇది కూరా, కషాయమా?" అని అత్తగారు గిన్నె పక్కకు నెట్టిందన్నదీ నిజమే. ఇంట్లో పొయ్యి మీది గిన్నె మొదలు కిటికీ పరదా దాకా అత్తగారి మాటే చెల్లుతుంది. కోడలికంటూ మిగిలిన రాజ్యం ఈ ల్యాబ్ ఒక్కటే.

ఇంతలో భర్త ఫోన్. ఆమె వరండాలోకి వెళ్ళింది.

"అమ్మ ఎలా చేస్తోంది?"

"మీ అమ్మెవరో నాకు తెలీదు. ఇక్కడ ఉన్నవన్నీ హాల్ టికెట్ నంబర్లే."

"ఆ నంబరు ఫెయిలైతే ఇంట్లో నా గతేంటే? అడకత్తెరలో పోకచెక్కనైపోతాను."

"పోకచెక్కకి ఫోనెందుకండీ?" అని పెట్టేసింది.

లోపలికొచ్చేసరికి రెండో విడత మాత్రలు కాగితం మీద ఉన్నాయి. అవీ బద్దలే. అత్తగారు స్టూలు మీద కూర్చుని, ఊడిన పొరను మాత్ర మీద పెట్టి అతుకుతుందేమోనన్నట్టు నొక్కుతోంది. ఇంట్లో ఆవిడని ఏనాడూ ఇలా చూడలేదు కోడలు.

"నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళంతా పీజీ ఉందని నా మీద ఆఫీసర్లయ్యారు," అంది అత్తగారు తల ఎత్తకుండా. "ఆ చదువేదో నేనూ చదివి చూద్దామనుకున్నా. నా వల్ల అయ్యేట్టు లేదు."

కోడలు స్టూలు దగ్గరికి జరిగింది. పరీక్షలో జవాబు చెప్పకూడదు. ప్రశ్న మాత్రం అడగొచ్చు.

"వైవా ప్రశ్న అడుగుతున్నాను. పిండి మరీ పొడిగా ఉంటే ముద్ద ఏమవుతుంది?"

"విచ్చిపోతుంది. అదీ ఒక ప్రశ్నేనా? రొట్టెల పిండి కలిపినప్పుడల్లా నీకు చెబుతూనే ఉన్నాగా, నీళ్ళు..."

అత్తగారి మాట మధ్యలోనే ఆగిపోయింది. ట్రేలో మిగిలిన రవ్వను పిడికిట బిగించి వదిలింది. ఇసుకలా జారిపోయింది.

"ఎక్కువ ఆరబెట్టేశానా?"

"ప్రశ్నలు అడగాల్సింది నేను," అంది కోడలు, కిటికీవైపు తిరిగి.

ఈసారి రవ్వను కాస్త తడి ఉండగానే డ్రయ్యర్‌లోంచి తీసింది అత్తగారు. మాత్రలు కొట్టింది. డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కాగితం మీద గుమ్మరిస్తే ఒక్కటీ విరగలేదు. నమ్మకం కుదరక అత్తగారు ఒక మాత్రను బల్లకేసి కొట్టింది.

"చావదే ఇది!" అని చిన్నపిల్లలా నవ్వింది. కోడలికీ నవ్వాగలేదు. ఇద్దరూ ఒకే మాటకు కలిసి నవ్వడం అదే మొదటిసారి.

టీ తాగి వచ్చిన ఎగ్జామినరూ తనూ సంతకాలు చేశాక, మార్కుల కాగితం పట్టుకుని కోడలు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. మనసు దూదిపింజలా ఉంది. కసీ తీరింది, ధర్మమూ నిలబడింది.

"సొంత అత్తగారితో మళ్ళీ చేయించారటగా!" అన్నాడు ప్రిన్సిపాల్. "ఎగ్జామినర్ గారు టీ తాగుతూ చెప్పారు."

"మొహమాటపడలేదండీ," అంది కోడలు గర్వంగా.

"మాకు కావలసిందీ అదే. మొహమాటానికి పాస్ చేశారని రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు." ఆయన సొరుగులోంచి ఒక ఆర్డరు తీసి సంతకం పెట్టాడు. "ఫ్యాక్టరీ అనుభవం ఉన్న మనిషి కోసం మేనేజ్‌మెంట్ ఎప్పట్నుంచో చూస్తోంది. ఆవిడకి పీజీ ఒక్కటే తక్కువైంది. రిజల్ట్స్ రాగానే చేరిపోతారు. ఇక మీ డిపార్ట్‌మెంట్ హెడ్ ఆవిడే."

కోడలు చేత్తో కుర్చీ తడుముకుంది.

"మీకూ సులువే మేడమ్," కలానికి మూత పెడుతూ అన్నాడు ప్రిన్సిపాల్. "ఇకమీదట సెలవు కావాలంటే నా దాకా రానక్కర్లేదు. వంటింట్లోనే అడిగేయొచ్చు."